మిషను మీద బల్బు

మా ఆయనకు చెవుడు. ఈ సంగతి వీధి వీధంతా తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు. నాలుగు మాటలన్నా చెవిన వేసుకోడు, వేసుకున్నా వినపడదు, ఇంక నేనేం చెయ్యను?

ముందుగదిలో మిషను పెట్టుకుని చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు కుడతాడు. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చుంటాడు కాబట్టి గుమ్మం ఆయన వీపు వైపు ఉంటుంది. బట్టలు తెచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరి బల్ల ముందు నిలబడి పిలుస్తారు. నేను వంటింట్లో ఉంటే నాకూ వినపడదు, ఆయన సంగతి సరేసరి. పిలిచి పిలిచి గొంతు ఎండి వెళ్ళిపోతారు. మొన్నటికి మొన్న ఆస్పత్రి నర్సు నన్ను బజారులో ఆపి మరీ కడిగేసింది. "మీ ఆయనకి ఎంత పొగరండీ! పిలిస్తే తల కూడా తిప్పరే?" అంది. అసలు విషయం నోటిదాకా వచ్చింది కానీ, నలుగురిలో ఆయన పరువు తియ్యడమెందుకని మింగేశాను.

ఇంటికొచ్చి ఆయన చెవి దగ్గర చేరి ఆ మాటే చెప్పాను.

"మిషను చప్పుడే బాబూ! ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుంది?" అన్నాడు. అని ఊరుకోలేదు, ఆ వారంలోనే "ఇంక కొట్టు మూసేస్తాను. కళ్ళు లాగుతున్నాయి" అన్నాడు.

కళ్ళట! ఇప్పటికీ సూదిలో దారం ఒక్క గురికే ఎక్కిస్తాడు. కత్తెర లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. జ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు కప్పుకున్న దుప్పటి అంచు బాగాలేదని విప్పి మళ్ళీ కుట్టాడు మహానుభావుడు. ఎక్కడైనా ఒక్క పోగు వేలాడితే ఆయనకు నిద్ర పట్టదు.

మా కూతురి కూతురు ఏడో తరగతి చదువుతోంది. ఇల్లు పక్క వీధిలోనే గానీ సగం కాపురం మా దగ్గరే. గడుగ్గాయి అని పిలుస్తాం, ఆ పేరుకు ఎన్నడూ మచ్చ రానివ్వలేదు. దానితో నా గోడు చెప్పుకుంటే, "ఓస్, ఇంతేనా అమ్మమ్మా? మాకు కరెంటు పాఠం అయిపోయిందిగా!" అంది.

శనివారం బడి కాగానే టార్చి సెల్లులు, చిన్న బల్బు, కాలింగ్ బెల్ మీట, బోలెడు తీగ తెచ్చి ముందుగదిలో చతికిలబడింది. తీగ మీది ప్లాస్టిక్ తొక్కను పళ్ళతో లాగబోతే వీపు మీద ఒక్కటిచ్చి కూరల కత్తి తెచ్చాను. ఆయన కత్తెర ముట్టుకుంటే ఇల్లు యుద్ధభూమే.

"చూడు అమ్మమ్మా, కరెంటు సెల్లు ఈ చివర బయల్దేరి, తీగలోంచి బల్బులోకి వెళ్ళి, మళ్ళీ ఆ చివరికి రావాలి. దారిలో ఎక్కడ ఎడం ఉన్నా రాదు. మీట ఉందే, అది ఆ ఎడమే. నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది."

"అచ్చం మీ తాతలాగే. నొక్కితే గానీ పలకడు" అన్నాను.

మీట బల్లకు బిగించింది. తీగను గోడ వెంట నడిపించింది. బల్బును మిషను మీద, ఆయన కళ్ళకెదురుగా నిలబెట్టింది. తీగ కొనలు రెండూ సెల్లులకు ఆనించి రబ్బరు బ్యాండు వేసింది. మీట నొక్కగానే బల్బు వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. ఆయన మాత్రం చిటపటలాడుతూ లేచాడు.

"నాకెందుకే ఈ దీపాలూ గీపాలూ? నేనేమన్నా చెవిటివాణ్ణా?"

చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పిల్ల మొహం చిన్నబోయింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున ఆ నర్సే మళ్ళీ వచ్చింది. వేరే దర్జీ దొరకలేదేమో, ప్యాంటు పట్టుకుని మొహం ముడుచుకుని నిలబడింది. గడుగ్గాయి పరుగెత్తుకెళ్ళి, "ఆ మీట నొక్కండి ఆంటీ" అంది. ఆవిడ నొక్కింది. బల్బు వెలగలేదు. మళ్ళీ నొక్కింది. ఆయన తల వంచుకుని తన కుట్టు తాను కుట్టుకుంటున్నాడు.

పిల్ల కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "తాతే పాడు చేశాడు అమ్మమ్మా. నా బల్బు తాతకి ఇష్టం లేదు."

నేనూ అదే అనుకున్నాను. దులిపేద్దామని కొంగు బిగించాను. అది మాత్రం ముక్కు చీదుకుని వెతకడం మొదలుపెట్టింది. బల్బు తీసి, మిగిలిన తీగ ముక్కలు రబ్బరు బ్యాండు పక్కనుంచి దూర్చి సెల్లులకు కలిపింది. వెలిగింది. అంటే బల్బూ బాగానే ఉంది, సెల్లులూ బాగానే ఉన్నాయి. గోడ వెంట వేళ్ళతో తడిమింది, తీగ ఎక్కడా తెగలేదు. చివరికి రబ్బరు బ్యాండు తీసి చూసి నోరు తెరిచింది.

తీగ కొనలు రెండింటికీ నీలం గుడ్డ చుట్టి ఉంది. చుట్టడం కాదు, బొత్తాం కాజా అంత పొందికగా, సన్నని కుట్లతో కుట్టి ఉంది.

"ఏవండీ, ఏం చేశారు దీన్ని?" అని ఆయన చెవిలో అరిచాను.

"ఏం చేశాను? కొనలకి రాగి పోగులు ఊడిపోతూ వేలాడుతున్నాయి. రోజూ వాడే వస్తువుని అలా వదిలేస్తారా ఎవరన్నా? రాత్రి కూర్చుని అంచు కుట్టాను."

పిల్ల ఆయన చెవి దగ్గర చేరి గట్టిగా అడిగింది. "రోజూ వాడతావా తాతా?"

"వాడక? నీ చేత్తో చేశావు కదే!"

అది ఏడుస్తూనే నవ్వి ఆయన మెడ పట్టుకుని వేలాడింది. "తాతా, రాగి సెల్లుకి తగలాలి. గుడ్డలోంచి కరెంటు పోదు."

"ఊడిన అంచులోంచే పోతుందా? ఇదెక్కడి పనితనమే!" అని గొణుక్కుంటూ, ఆయనే తన కత్తెర మొనతో ఆ కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. పిల్ల కొనల్ని సెల్లులకు ఆనించి బ్యాండు వేసింది. నర్సు మీట నొక్కింది. ఆయన కళ్ళ ముందు బల్బు వెలిగింది.

ఆయన వెనక్కి తిరిగాడు.

"ఇదేంటండీ, బల్బు పెట్టారు?" అంది నర్సు, బల్బు వైపు చెయ్యి చూపిస్తూ. మిషను చప్పుడు ఎక్కువండీ, అని ఎప్పటిలాగే అడ్డుపడబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"నాకు వినపడదమ్మా. మా మనవరాలు నా కోసం పెట్టింది. మొన్న మీరు పిలిచి పిలిచి వెళ్ళిపోయారట, ఏమనుకోకండి."

నర్సు నా వైపు చూసింది. నేను కొంగుతో కళ్ళొత్తుకున్నాను. ఆవిడ ప్యాంటు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా ఏదో చెప్పింది.

మా ఆయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. "ఏదీ, కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్నాడు.