మేనేజరు గదిలో నలభై బ్యాడ్జీలు

ఆ కర్మాగారంలో నల్ల ఇసుక నుంచి అరుదైన ఖనిజాలు తీస్తారు. మేలిమి సరుకు తెల్ల సంచుల్లో ఓడెక్కి పోతుంది. మిగిలిన థోరియం ముద్ద, అంటే రేడియేషన్ చిమ్మే పిప్పి, డ్రముల్లో వెనక షెడ్డులో పడి ఉంటుంది. ఇప్పటి మంత్రి ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దాన్ని విషమన్నాడు, కుర్చీ ఎక్కాక వరమన్నాడు. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుంది. రెండుసార్లూ ముందువరసలో చప్పట్లు కొట్టింది మేనేజరే. ఎవరు గెలిస్తే వాళ్లకు అతుక్కుంటాడని కార్మికులు అతనికి అయస్కాంతం అని పేరు పెట్టారు.

షెడ్డులో నలభైమంది పనిచేస్తారు. ఒక్కొక్కరికీ అగ్గిపెట్టెంత బ్యాడ్జీ ఉంటుంది. ఛాతీకి పెట్టుకుంటే ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది చెబుతుంది. మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. డోసు హద్దు దాటితే ఆ మనిషిని షెడ్డు నుంచి తప్పించాలి. అందరినీ తప్పిస్తే డ్రములు ఎవరు దొర్లిస్తారు?

"చెమటకి పాడైపోతాయమ్మా, నా గదిలో బోర్డుకి తగిలించు" అన్నాడు అయస్కాంతం, బ్యాడ్జీలు చూసే గుమాస్తాతో. ఆమె తగిలించింది. అందులో సొంత తమ్ముడి బ్యాడ్జీ కూడా ఉంది. కాళ్లావేళ్లా పడి వాడికి ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆమే.

షెడ్డు నుంచి బదిలీ చేయమని తమ్ముడు మూడు అర్జీలు పెట్టాడు. డోసు సున్నా గనక కుదరదని మూడూ తిరిగొచ్చాయి.

"గోడకి తగిలిన డోసు చూసి నాకు జవాబు రాస్తారేంటక్కా?" అన్నాడు వాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంతలో మంత్రి వస్తున్నాడన్నారు. అయస్కాంతం కాళ్లు నేలమీద నిలవలేదు. తన గదిలో కాస్త చోటున్న గోడ ఒక్కటే, బ్యాడ్జీల బోర్డున్నది. దాని కింద గాజు బీరువా పెట్టించి, జాడీల్లో పొడులు పేర్పించాడు. అన్నిటికన్నా పెద్ద జాడీలో థోరియం పోయించి 'రేపటి సంపద' అని బంగారు అక్షరాలు అతికించాడు.

"అది ఇక్కడ వద్దేమో సార్" అంది గుమాస్తా.

"అరటిపండులో కూడా రేడియేషన్ ఉంటుందమ్మా. చదువుకున్నదానివి, నువ్వు కూడా భయపడితే ఎలా?"

చెవిటివాడి ముందు శంఖం ఎందుకని ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. మంత్రి జాడీ పక్కన రెండు నిమిషాలు నిలబడి ఫొటో దిగి పోయాడు. ఫొటో బాగా వచ్చిందని అయస్కాంతం జాడీని అక్కడే ఉంచుకున్నాడు. మూడు నెలలు గడిచాయి.

పరీక్ష ఫలితం వచ్చింది. నలభైమందీ హద్దు దాటారు. కాలు విరిగి రెండు నెలలుగా ఇంట్లో మంచం మీదున్నవాడు కూడా దాటాడు.

అయస్కాంతం కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "నా కుర్చీ ఆ బీరువాకి ఆనుకునే ఉందమ్మా!" అన్నాడు. షెడ్డులో నలభైమంది గుర్తుకు రాలేదు, తన ఒక్క వీపు గుర్తొచ్చింది. ఆమెకు అసహ్యం పుట్టింది.

"ఈ రిపోర్టు తప్పని రాసేద్దామా?" అన్నాడు అయస్కాంతం.

"రాద్దాం సార్. అప్పుడు బ్యాడ్జీలు ఎక్కడున్నాయో కూడా రాయాలి."

అతను రిపోర్టును బోర్లా పెట్టాడు.

"రాయకపోతే?"

"రిపోర్టు నిజమౌతుంది. నలభైమందినీ ఇవాళే బదిలీ చెయ్యాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టాక గొంతు తగ్గించి, "అడుగున నా పేరు కూడా చేర్చమ్మా" అన్నాడు.

"మీకు బ్యాడ్జీ లేదు కదా సార్. ఏం చూపించి చేర్చను?"

కాగితం పట్టుకుని ఆమె నేరుగా షెడ్డుకు నడిచింది. తమ్ముణ్ని బయటికి పిలిచి చేతికిచ్చింది. వాడు చదివాడు, నవ్వాడు, మళ్లీ చదివాడు.

"ఇందులో రాసిన డోసు నాది కాదు కదా?"

"కాదురా. ఆ జాడీది."

"మరి ఇన్నాళ్లూ నాకు తగిలింది ఎంతక్కా?"

అది ఏ కాగితంలోనూ లేదు.