కుడివైపు పాపిడి

నేను ఒక కుంచెను. పిడి ఎక్కడ, వెంట్రుకలు ఎక్కడ అని వెతక్కండి, రెండూ లేవు. నన్ను రంగులో ముంచక్కర్లేదు, కడిగి ఆరబెట్టక్కర్లేదు, ఎలుకలు కొరుకుతాయన్న భయం లేదు. కంప్యూటర్లో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు ఒకటుంది చూడండి, అందులో బారులు తీరి కూర్చున్న కుంచెల్లో నేనూ ఒకదాన్ని. నన్ను హెయిర్ బ్రష్ అంటారు. నా పని జుట్టు మొలిపించడం. వైద్యులకు చేతకానిది, నూనెల కంపెనీలు బులెటిన్ బులెటిన్‌కీ ప్రకటన ఇచ్చినా సాధించలేనిది, నేను రెండు గీతల్లో చేసి చూపిస్తాను. కాస్త గర్వం ఉంటే ఉండనివ్వండి.

నేను పుట్టింది బెంగళూరులో ఒక అద్దాల మేడలో. ఒక ఇంజనీరమ్మ తోటి ఉద్యోగుల తలల్లోంచి ఒక్కొక్క పోగు అడిగి పుచ్చుకుని, దీపాల కింద పెట్టి ఫోటోలు తీసి, వెంట్రుక ఎక్కడ వంగుతుందో ఎక్కడ మెరుస్తుందో నాకు నేర్పింది. పాపం, ఆ ఆఫీసులో మగవాళ్ల దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. చివరికి క్యాంటీన్ వంటావిడ జడే ఆదుకుంది. కాబట్టి నా వంశం అడిగితే వంటింటి వంశమనే చెప్పుకుంటాను.

తర్వాత ఒకరోజు కొత్త వెర్షన్‌తో పాటు ఊరూరా వెళ్లిపోయాను. అలా వెళ్లిన నా రూపాల్లో ఒకటి మండపేటలో నవమోహన డిజిటల్స్ అనే ఫోటో స్టూడియోలో తేలింది. అక్కడ పనిచేసే సువర్చల సొంత లాప్‌టాప్ నా ఇల్లు. పొద్దున ఆ పిల్ల దాన్ని భుజాన వేసుకుని స్టూడియోకి వచ్చేది, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లేది. నల్లటి పలక మీద పెన్నుతో గీస్తే తెర మీద బొమ్మ పడేది. పెన్ను నొక్కితే నేను లావెక్కేదాన్ని, తేలిస్తే సన్నబడేదాన్ని. సువర్చల చెయ్యి బహు తేలిక.

నేను రాకముందు ఆ స్టూడియోలో ఎవరికి జుట్టు తక్కువైనా ఒకే నెత్తి మీంచి కత్తిరించి అతికించేవారట. ఆ నెత్తి సొసైటీ ప్రెసిడెంటుగారిది. పుట్టినరోజు ఫ్లెక్సీలయినా, పెళ్లి ఫ్లెక్సీలయినా ఊరంతా ఆయన జుట్టే. ఒకసారి ఆయన తన ప్రత్యర్థి ఫ్లెక్సీ కింద నిలబడి, పైకి చూస్తూ చాలాసేపు తల తడుముకున్నాడని చెప్పుకుంటారు. నేను వచ్చాక ఎవరి జుట్టు వాళ్లకు దక్కింది. మీసాలు కూడా నా చేతిమీదుగానే పెరిగాయి. మనుషులు ఫోటో దిగడానికి డబ్బిచ్చి, అందులో తాము లేకుండా చేయడానికి మళ్లీ డబ్బిస్తారు. నాకెందుకు, నా పొట్ట గడవాలి కదా.

సువర్చలకు ముప్పై దగ్గరపడుతున్నా పెళ్లి కాలేదు. సంబంధాలు రాక కాదు. వచ్చిన ప్రతి ఫోటో చూడగానే ఆమెకు వృత్తి రోగం తిరగబెట్టేది. “ఈయన దవడ చెక్కారు నాన్నా” అనేది. “ఈ ఎత్తు ఈయనది కాదు, కాళ్లు సాగదీశారు” అనేది. “ఇంతదానికే అబద్ధమాడినోడు ఇంకెన్నిటికి ఆడతాడో” అని ఫోను వెనక్కిచ్చేసేది. ఆమె తండ్రి బుల్లబ్బాయిగారు రైస్‌మిల్లులో గుమాస్తా. బియ్యంలో రాళ్లేరినట్టు కూతురు పెళ్లికొడుకులను ఏరేస్తుంటే చూసి చూసి, “అమ్మాజీ, వంద అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారే” అని వాపోయేవారు. ఈ ఒక్క ఏడాదే చూస్తాను, ఆపైన ఇక సంబంధాలు చూడను అని కూడా అనేశారు. పైకి నవ్వేసింది కానీ, ఆ మాట సువర్చలకు గుచ్చుకుంది. ఆ రోజు పెన్ను పట్టిన చెయ్యి బరువుగా ఉండడం నాకు తెలుసు.

అలాంటి రోజుల్లోనే కడియం నుంచి మంగాయమ్మగారు కొడుకును వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చారు. కడియంలో వాళ్లకు పూలమొక్కల నర్సరీ ఉంది. అక్కడి స్టూడియోకి వెళితే ఊరంతా తెలుస్తుందని ఇంతదూరం వచ్చారు. కొడుకు పేరు త్రిమూర్తులు. గులాబీలకు అంట్లు కట్టడంలో దిట్ట. ఆయన అంటు కట్టిన కొమ్మ చిగురించకపోవడం ఉండదట. తల మీద మాత్రం ఏ ఎరువూ పనిచేయలేదు. చెవుల పైన కాస్త అంచు మిగిలింది, అంతే.

మంగాయమ్మగారు సువర్చల వెనక నిలబడి తెర మీదే చూపు నిలిపారు. గీస్తున్న పిల్ల మొహం ఎలా ఉందో కూడా ఆవిడ చూడలేదు.

“నుదుటి మీదకి దించమ్మా. ఇంకాస్త. ఇంకాస్త. మా వోడిది చిన్న నుదురే.”

“ఎప్పుడే?” అన్నాడు బయట బెంచీ మీంచి త్రిమూర్తులు.

“నువ్వూరుకోరా. ఒత్తుగా ఎయ్యమ్మా.”

అతను లేచి లోపలికి వచ్చాడు. సువర్చల తలతిప్పి చూసింది. “ఏవండీ, పైన కాస్త పల్చగానైనా ఉంచండి. రేపు నన్ను చూసినోళ్లు మరీ మోసపోయామనుకోకూడదు గదండి. ఆ అమ్మాయి కాపరం చేసేది ఫోటోతో కాదు గదా” అన్నాడు, మెల్లగా.

సువర్చల పెన్ను ఆగింది. అద్దం పగలగొట్టి మరీ కొత్త మొహం అడిగేవాళ్లను చూసింది గాని, ఉన్నది కాస్త ఉంచమని బతిమాలినవాణ్ణి ఆ స్టూడియోలో ఎవరూ చూడలేదు. కానీ తల్లి ముందు కొడుకు మాట ఎక్కడ చెల్లుతుంది? “ఇంతకుముందు మూడు సంబంధాలు తలకాయ చూసే ఎనక్కి పోయాయమ్మా” అన్నారావిడ. సువర్చల నన్నే తీసింది. నేనూ నా ప్రతాపమంతా చూపించాను. ఒత్తైన నల్లటి జుట్టు, గాలికి చెదిరినట్టు రెండు పోగులు, కుడివైపు పాపిడి. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత మంచి పని చేయలేదు. త్రిమూర్తులు తెర వంక ఒకసారి చూసి, పక్కవాడి ఫోటో చూసినట్టు చూసి, బయటికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, బుల్లబ్బాయిగారు బెదురుతూ బెదురుతూ కూతురికి ఫోను చూపించారు. పెళ్లిళ్ల మధ్యవర్తి చిట్టెయ్య పంపిన సంబంధం. పక్కనే తెరిచి ఉన్న లాప్‌టాప్‌లోంచి నేను విన్నాను.

“కడియమంటమ్మా. నర్సరీ ఉందంట. జుట్టు చూడు, ఎంత ఒత్తుగా ఉందో!”

సువర్చల ఫోటో చూసింది. నోటికి చున్నీ అడ్డంపెట్టుకుంది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. బుల్లబ్బాయిగారు ఫోను వెనక్కి తీసుకోబోయారు, మళ్లీ దవడో కాళ్లో దొరికిపోయాయనుకుని.

“రమ్మనండి నాన్నా” అంది సువర్చల.

ఆయన సంతోషం పట్టలేక వీధిలోకి పరిగెత్తి, “జుట్టు చూసి ఒప్పుకుందయ్యా” అని చిట్టెయ్యకు గట్టిగా ఫోను చేశారు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు, లేనాయనకు నేను పెట్టాను. ఈ పెళ్లి నా చలవేనని నేనూ విర్రవీగాను. ఆమె ఒప్పుకున్నది నేను మొలిపించినదాన్ని చూసి కాదని, వద్దని బతిమాలిన నోటిని చూసి అని నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

పెళ్లిచూపుల రోజు వచ్చింది. హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడు, కాఫీ గ్లాసుల చప్పుడు. చిట్టెయ్య అమ్మాయిది కంప్యూటర్ ఉద్యోగమని వాళ్లకు చెప్పాడు, స్టూడియో అని చెప్పలేదు. అతని నోరు కూడా ఒక కుంచేనండి, నాకన్నా లావుగా గీస్తుంది. కాసేపటికి, “పిల్లలిద్దరూ మాట్లాడుకోండమ్మా” అని వాళ్లను సువర్చల గదిలోకి పంపారు. లాప్‌టాప్ ఆ బల్ల మీదే తెరిచి ఉంది. నాకు ముందు వరస టిక్కెట్టు దొరికింది.

త్రిమూర్తులు లోపలికి వచ్చాడు. చూద్దును కదా, నెత్తి మీద నా జుట్టు! ఒత్తు అదే, మెరుపు అదే, చెదిరిన రెండు పోగులూ అవే. మంగాయమ్మగారు నా బొమ్మ చూపించి రాజమండ్రిలో విగ్గు చేయించారు. నా పనిని చూసి నిజం మనుషులు నకలు తీశారని నా ఒళ్లు పొంగిపోయింది. ఆయనకు మాత్రం ఒళ్లంతా చెమటలు. కాఫీ పళ్లెంతో ఆమె హాల్లోకి వచ్చినప్పుడే గుర్తుపట్టేశాడు.

“మీరు... ఆ స్టూడియోలో...” అన్నాడు.

“ఆయ్, నేనేనండి” అంది సువర్చల. అతని నెత్తివంక పరీక్షగా చూసింది. “పాపిడి ఎడమవైపు పెట్టారేంటండి? నేను కుడివైపు తీశాను కదా?”

అతను విగ్గు తడుముకున్నాడు. “విగ్గాయన ఫోటో ఎదురుగా పెట్టుకుని చేశాడండి. అద్దంలో చూసినట్టు తిరగబడిపోయింది.” విగ్గు మీంచి చెయ్యి దించి, “నన్ను క్షమించండి. నేనెళ్లి ఇష్టం లేదని చెప్పేస్తాను. మిమ్మల్ని మోసం చేసినట్టవుద్ది” అన్నాడు.

“నేనెక్కడ మోసపోయానండి? గీసిందే నేను.”

అతను ఆమె మొహంలోకి చూసి, అప్పుడు నవ్వాడు. “మాకు పంపిన ఫోటోలో మీ గడ్డం మీద మచ్చ కూడా లేదండి. అందుకే మీరని పోల్చుకోలేదు.”

“అదీ నేనే తీశానండి” అంది సువర్చల, సిగ్గుపడి.

అతను విగ్గు తీసి బల్ల మీద, సరిగ్గా నా పక్కనే పెట్టాడు. కానీ హాల్లోకి ఎలా వెళ్లాలి? గుమ్మం వంక చూసి, మళ్లీ విగ్గు వంక చూశాడు. “మా అమ్మ ఏడుస్తదండి. నాకదే భయం” అన్నాడు.

“కూచోండి, మీ బొమ్మ వేస్తాను” అని పెన్ను తీసింది సువర్చల.

నేను సిద్ధమయ్యాను. ఈసారి ఏ పాపిడి, ఏ వంపు అని లెక్కలు వేసుకుంటున్నాను. ఆమె నన్ను ముట్టుకోలేదండి! నునుపు కుంచెను పిలిచింది, వెలుగు కుంచెను పిలిచింది. ఆ తల మీద కిటికీ వెలుగు పడ్డ చోటు ఎంత శ్రద్ధగా దిద్దిందో. నన్ను కనుబొమల దాకా, మీసం దాకా రానిచ్చింది, ఆపైకి పోనివ్వలేదు. అంత అవమానం నాకెప్పుడూ జరగలేదు. కానీ బొమ్మ పూర్తయ్యాక చూస్తే, అందులో ఒక మనిషి ఉన్నాడు. నేను గీసినప్పుడు అక్కడ జుట్టే ఉండేది.

ఆమె లాప్‌టాప్ పట్టుకుని ముందు నడిచింది, అతను ఉత్త తలతో వెనక నడిచాడు. చిట్టెయ్యకు పొలమారింది. బుల్లబ్బాయిగారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

“మా నాన్న నాకు బొమ్మలొచ్చని చెప్పే ఉంటారండి. ఇది ఇప్పుడే వేశాను” అని సువర్చల మంగాయమ్మగారి ఒడిలో లాప్‌టాప్ పెట్టింది.

ఆవిడ మొదట కొడుకును చూశారు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత తెరను చూశారు. అంత దగ్గరగా నన్నెవరూ చూడలేదు. వేలితో ఆ చెవుల దగ్గర తడిమారు.

“అచ్చం వాళ్ల నాన్నేనమ్మా” అన్నారు. ఆ రోజే తాంబూలాలు పుచ్చుకున్నారు.

ముహూర్తానికి ముందే సాఫ్ట్‌వేరు మళ్లీ మారింది. నా స్థానంలోకి కొత్త కుంచె వచ్చింది. దానికి గీయడం కూడా అక్కర్లేదు, నొక్కితే నెత్తంతా గుబురుగా మొలిచేస్తుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. నన్ను పాత కుంచెల పెట్టెలో పడేశారు. అక్కడ నాలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం, ఒకరి గొప్పలు ఒకరం వింటూ.

ఒక మధ్యాహ్నం మంగాయమ్మగారు ఒంటరిగా స్టూడియోకి వచ్చారు, చంకలో పాత చీరలో చుట్టిన పటంతో. విప్పితే, ఆవిడ భర్త. నల్లగా నిగనిగలాడే క్రాపుతో ఉన్నాడు. ఆయన పోయినప్పుడు పటం కట్టించిన స్టూడియోలో ఆవిడే అడిగి జుట్టు పెట్టించారట.

“ఇది తీసెయ్యమ్మా” అన్నారు కాబోయే కోడలితో. “ఇన్నేళ్లూ ఎవరికి దండేత్తన్నానో నాకే తెలవలేదు.”

సువర్చల పటాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, క్రాపు మీద మెల్లగా చర్మం రంగు దిద్దుకుంటూ వచ్చింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పక్కనే కూర్చున్నారు, ఈసారి ఒకసారి తెరను, ఒకసారి పిల్ల మొహాన్ని చూస్తూ. అంతా అయ్యాక, “చెవుల పక్కన మాత్రం రెండు ఎంట్రుకలుండేయమ్మా. ఎంత దువ్వినా నిలబడే ఉండేయి” అన్నారు.

కొత్త కుంచెకు రెండు వెంట్రుకలు గీయడం చేతకాలేదు. సువర్చల పాత పెట్టె తెరిచి నన్ను పిలిచింది. ఊపిరి బిగబట్టి, ఎడమ చెవి పక్కన ఒకటి, కుడి చెవి పక్కన ఒకటి గీశాను. ఎన్ని నెత్తుల మీద ఎంత జుట్టు మొలిపించానో లెక్కలేదు. అందులో నిజంగా ఉన్న వెంట్రుకలు ఆ రెండే.