శుక్రవారం ఆకుల లెక్క

అందరి కోడళ్లూ పరుపుల పెట్టెలతో అత్తారింటికి వస్తారు. మా అబ్బాయి బుర్హాన్ పెళ్లాం సర్వినోజ్ వాటితో పాటు ఒక గాజు తొట్టి కూడా తెచ్చుకుంది. అందులో నాలుగు చేపలు, మధ్యలో గోధుమరంగు ఆకుల నీటిమొక్క. మర్గిలాన్ ఊళ్లో మా వీధి వీధంతా వచ్చి చూసి ముసిముసిగా నవ్వుకుని పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మొక్క వాళ్లమ్మ నాటిందట. ఆవిడ పోయింది. తర్వాత తండ్రి తోహిర్‌గారికి చూపు పోయింది. తాష్కెంట్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. చూసుకోలేక మొక్కను కూతురికి ఇచ్చేశాడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. సర్వినోజ్ తొట్టి ముందు నిలబడి ఒక్కో ఆకునూ వేలితో చూపిస్తూ పైకి లెక్కపెడుతుంది, ఆయన వింటాడు.

మా బావినీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున అట్టకడుతుంది. ఆ నీళ్లలో మొక్క ఏం బాగుపడుతుంది? ఆకులకు చిల్లులు పడ్డాయి, గాజు నిండా నాచు పట్టింది. ఆ పిల్ల మంచు కరిగించి పోసింది, తొట్టి మీది దీపం మార్చింది, పాడైన ఆకులు గోళ్ల కత్తెరతో తీసింది.

"ఇంట్లో మనుషుల కంటే దానికే సేవలెక్కువ" అన్నాను. "మీ నాన్న మాకు కోడల్నిచ్చాడా, తోటమాలినిచ్చాడా?"

"సర్దుకుంటుంది అత్తయ్యా. కదపకుండా ఉంటే చాలు."

కదపకుండా ఉండడం నా ఒంట్లో లేదు. జనవరిలో చుట్టాలొస్తున్నారని, ఆ పిల్ల బజారుకు వెళ్లినప్పుడు చేపల్ని గిన్నెలోకి తీసి, మొక్కను పీకి, తొట్టిని సోడాతో తోమేశాను. మొక్క వేళ్లను కూడా టీ గిన్నెల్లా రుద్ది కడిగి, తాజా బావినీళ్లు పోసి మళ్లీ నాటి, చేపల్ని వదిలాను. మెచ్చుకుంటుందనుకున్నాను. సర్వినోజ్ చూసి, చేతిలో సంచి కింద పెట్టి, "మంచిది అత్తయ్యా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఐదు రోజుల్లో ఆకులన్నీ ఉడికిన ఆకుకూరలా ముద్దయిపోయాయి. గురువారం కంపు భరించలేక మోడును పీకి చెత్తబకెట్లో పడేశాను.

మర్నాడు గుమ్మం పక్కన కూర్చుని క్యారెట్లు తరుగుతుంటే ఫోన్ మోగింది. సర్వినోజ్ తొట్టి ముందు నిలబడింది. ఇసుక, చేపలు తప్ప ఏమీ లేని నీళ్లలోకి వేలు చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు..." అని మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఎప్పట్లాగే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంది.

"పన్నెండు, నాన్నా."

"పోయిన వారం పదకొండేగా!" ఎంత సంబరమో ఆ గొంతులో, ఫోన్‌లోంచి గుమ్మం దాకా వినబడింది. "నౌరోజ్ పండక్కి వచ్చి తాకి చూస్తాను తల్లీ."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ పిల్ల ఫోన్ పెట్టేశాక, "అత్త పాడుచేసిందని చెప్పొచ్చుగా. నేనేం కొరుక్కుతింటానా?" అన్నాను. సిగ్గుతోనే కోపం వచ్చింది నాకు.

"ఈ ఇంటి మాట పుట్టింటికి చేరకూడదని మొదటిరోజే చెప్పారు కదా అత్తయ్యా."

చెప్పాను. నాకు మా అత్త చెప్పింది, నేను దీనికి చెప్పాను.

లేచి వెళ్లి చెత్తబకెట్ గాలించాను. టీ పొడి కింద ఆ మోడు దొరికింది. పైన నల్లబడినా గిల్లితే లోపల తెల్లగానే ఉంది. మళ్లీ ఇసుకలో పెట్టాం. రెండు నెలలు పొద్దున్నే టీ కంటే ముందు ఆ తొట్టి దగ్గరికే పరిగెత్తాను. అక్కడేమీ మొలవలేదు. ఫోన్‌లో మాత్రం పదమూడు, పద్నాలుగు అంటూ ఆకులు పెరుగుతూనే ఉన్నాయి. నౌరోజ్ ముందు వారం గోరంత ఆకు ఒకటి కనబడింది. ఇద్దరం వంగి చూశాం.

అన్నట్టే పండక్కి సర్వినోజ్ తండ్రి వచ్చాడు. టీ కూడా ముట్టకుండా చొక్కా చెయ్యి మడిచి నీళ్లలో చెయ్యి పెట్టాడు. వేళ్లు ఇసుక మీదుగా మెల్లగా జరిగి ఆ చిన్న ఆకు దగ్గర ఆగాయి.

"ఒకటి" అన్నాడు నవ్వుతూ. చెయ్యి అటూ ఇటూ వెతికింది. "మిగతావి ఎక్కడ తల్లీ? నువ్వు లెక్కపెట్టు."

సర్వినోజ్ నావైపు చూసింది.

"లెక్కపెట్టడానికి ఇంకేం లేవు అన్నయ్యగారూ" అన్నాను. "నేనే సోడాతో తోమి పాడుచేశాను. మీ అమ్మాయి నా పరువు కోసం అబద్ధమాడింది."

ఆయన చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది.

"ఆకుల లెక్క అయ్యాక ప్రతి శుక్రవారం ఇంకో మాట అడిగేవాణ్ణి చెల్లెమ్మా" అన్నాడు. "అత్తారింట్లో బాగున్నావా తల్లీ అని. బాగున్నాను నాన్నా అనేది. లేని ఆకుల్ని లెక్కపెట్టిన అదే గొంతుతో."

ఆ మాటకి జవాబు నేను చెప్పేది కాదు. చెప్పాల్సిన పిల్ల తువ్వాలు తెచ్చి, తండ్రి చెయ్యి బయటికి తీసి, ఒక్కో వేలూ తుడుస్తూ కూర్చుంది. తలెత్తలేదు.