చక్కెరమ్మ పాలు

ప్రయోగశాలలో అందరూ ఆమెను చక్కెరమ్మ అనేవారు. తల్లిపాలలోని చక్కెరలే ఆమె చదువు, కొలువు, పిచ్చి. వాటిలో కొన్నిటిని బిడ్డ అరిగించుకోలేదు. అయినా తల్లి ఒళ్లు పనిగట్టుకుని వాటిని తయారుచేస్తుంది. "మరి ఎవరికోసం మేడమ్?" అని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, "పిల్ల పేగుల్లో కాపురముండే మంచి క్రిములకోసం. కాపలావాళ్ల కడుపు ముందు నింపాలి కదా!" అని నవ్వేది.

అలాంటి మనిషికి నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల, గుప్పెడంత ప్రాణం. తల్లికి ఒళ్లు కాలిపోయే జ్వరం, పాలు పడలేదు. సమయానికి ఆసుపత్రి పాలబ్యాంకులోనూ దానమిచ్చిన పాలు నిండుకున్నాయి. గాజుపెట్టెలోని పిల్లకు డబ్బాపాలే గొట్టం గుండా చుక్కచుక్కగా పట్టారు. పొట్ట ఉబ్బింది. పేగులు పాడయ్యాయన్నారు. ఆపరేషన్ గదిలోకి వెళ్లిన పిల్ల ప్రాణంతో బయటికి రాలేదు.

ఆ మర్నాడు పాలు పడ్డాయి.

పడటమంటే మామూలుగా కాదు, కట్టుకున్న బట్టలు తడిసి ముద్దయ్యాయి. అత్తగారు పాతచీర చింపి తెచ్చింది. "బిగించి కట్టుకోమ్మా, వాటంతటవే వెనక్కి పోతాయి."

"వద్దత్తయ్యా. పిండి దాస్తాను. నా పిల్లకు అందనివి ఇంకో తల్లి బిడ్డకైనా అందనీ."

భర్త ఫ్రీజర్ ఖాళీ చేశాడు. సీసాలు నిండాక, ఐసుపెట్టెలో సర్దుకుని ఇద్దరూ పాలబ్యాంకులో ఇచ్చి వచ్చారు.

కొన్నాళ్లకు అక్కడి నర్సు కబురంపింది. చక్కెరమ్మ వెళ్లేసరికి నర్సు ఆమె కళ్లలోకి చూడలేక, చేతిలోని తాళాలు తిప్పుతూ నిలబడింది.

"అక్కా, పరీక్షలో చెడ్డ క్రిములు బయటపడ్డాయి. వేడిచేసినా చావని రకం. ఏ బిడ్డకీ పట్టలేం."

"ఇంకోసారి చూడరాదూ?"

"మీవే కదా అని రెండోసారీ చూశానక్కా."

నర్సు స్థానంలో తనున్నా అదే మాట చెప్పేది. పసిపేగులతో చెలగాటం వద్దని ఊరందరికీ పాఠాలు చెప్పిందీ తనే. "మంచిపని చేశావమ్మా" అంది. సీసాలు వెనక్కి తీసుకుంది.

పారబోయడానికి చేతులు రాలేదు. ఒక సీసా పట్టుకుని ప్రయోగశాలకు వెళ్లింది. ఎందరో తల్లుల పాలు కొలిచిన యంత్రంలో తన పాలు పెట్టింది. నెలలు నిండని పిల్లల పేగులకు కాపుకాస్తుందేమోనని ఆమె ఏళ్ల తరబడి వెంటపడుతున్న చక్కెర ఒకటుంది. తెరమీద దాని గీత నిటారుగా లేచింది. తన పాలలో అది పుష్కలంగా ఉంది.

ఇంటికి చేరేసరికి అత్తగారు వంటింట్లో నేలమీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"పాలలో ఏం లోపముందటమ్మా?"

"క్రిములు చేరాయంతే. పాలలో ఏ లోపమూ లేదత్తయ్యా. అన్నీ నిండుగా ఉన్నాయి."

"అంటే, ముందే పడి ఉంటే పిల్ల దక్కేదా?"

"ఏమో. నాకూ తెలీదు."

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏదో ఒకటి తక్కువైందని చెప్పు తల్లీ, అబద్ధమైనా సరే. లోపముంటే మన రాత ఇంతే అని సరిపెట్టుకుంటాను. అన్నీ ఉండి పోగొట్టుకున్నామంటే ఎలా ఓర్చుకోను?"

అబద్ధం చెప్పడానికి చక్కెరమ్మకు నోరు రాలేదు. అక్కడే నేలమీద కూలబడి, అత్తగారి ఒళ్లో తల దాచుకుంది. "ఏదీ తక్కువ కాలేదత్తయ్యా... పిల్లే లేదు" అని గుండెలు పగిలేలా ఏడ్చింది.

పొయ్యిమీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. భర్త వచ్చి మంట ఆర్పి, వాళ్లిద్దరినీ కదిలించకుండా గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.