గోపాలం పిస్తోలు

బర్మాలోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కుట్టుమిషన్లు బాగుచేసే గోపాలం ఇంట్లో, బియ్యం డబ్బా అడుగున ఒక పిస్తోలు ఉంది. గురిపందేలకు వాడే పాతకాలపు పాయింట్ టూటూ రకం. తను గురిపందేలు ఆడిన క్లబ్బు మూతపడి, లైసెన్సు చెల్లక పాతికేళ్లయినా, ఆ మహానుభావుడు ప్రతి ఆదివారం దాన్ని పైకి తీసి, నూనె రాసి, కాసేపు మురిసిపోయి దాచేవాడు. తనను ఏనాడూ అంత శ్రద్ధగా చూసుకోలేదని భార్య కమలమ్మ దెప్పేది.

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో సైన్యం గద్దెనెక్కింది. ఊరేగింపుల మీద కాల్పులయ్యాయి. ఆయుధాల కోసం ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. పక్కవీధిలో తుపాకీ దొరికిందని లారీ ఎక్కించిన ఇద్దరు ఇంకా తిరిగి రాలేదు.

పక్కింటి మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే కమలమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది.

"దొరికితే మా అన్నదని సెప్పు. అరవై నాలుగులో ఇశాకపట్నం ఎల్లిపోతా ఒదిలీసాడను. తుపాకులంటే నీకేటీ తెల్దు. ఇంకో ముక్క మాటాడకు."

"అలాగేలే," అన్నాడు గోపాలం.

దొరికింది. గోపాలం సోదాకొచ్చిన కెప్టెన్‌కు బర్మా భాషలో ఆ కథంతా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. అదీ మంచికే, అచ్చం ఏమీ తెలియనివాడిలా కనిపించాడు.

"ఇదేమిటో కూడా తెలియదా?"

"ఏదో బొమ్మనుకున్నాను సార్."

కెప్టెన్ నవ్వాడు. "ముసలాయన్ని వదిలెయ్, తుపాకీ రాసుకో," అన్నాడు సార్జంటుతో. కమలమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

వెళ్లబోతూ కెప్టెన్ ఆగాడు. గుండు లేదని చూసుకుని, సరదాగా గోడ మీది క్యాలెండరుకు గురిపెట్టి ట్రిగ్గరు మీద వేలు వేశాడు. గోపాలం ఒక్క అడుగు ముందుకేశాడు.

"వద్దు సార్, ఖాళీగా నొక్కకండి. లోపలి పిన్ను గొట్టం అంచుకు కొట్టుకుని పాడైపోతుంది."

కెప్టెన్ పిస్తోలు దించి, పెద్దవాళ్లను పిలిచే మర్యాదతో పేరుకు ముందు 'ఊ' చేర్చి అడిగాడు.

"ఊ గోపాలం, బొమ్మకు పిన్ను కూడా ఉంటుందా?"

"ఏటి సేసినావయ్యా," అంటూ కమలమ్మ నేల మీద కూలబడింది.

చేతులు వెనక్కి కట్టి మెట్లు దింపుతుంటే, వెనక ఖాళీ పిస్తోలు టక్కుమంది. మళ్లీ టక్కుమంది. లారీని చూసినప్పుడు రాని కన్నీళ్లు గోపాలానికి అప్పుడొచ్చాయి. వాకిట్లోకి పరుగెత్తుకొచ్చిన కమలమ్మ అవి తన కోసమే అనుకుంది. అతను సిగ్గుతో తల తిప్పుకుని లారీ ఎక్కాడు.