కత్తెర పడని గుడ్డ

కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, అంచులు మడిచి కుట్టడం ఆమె పని. గుడ్డ కొయ్యడం మాత్రం దర్జీ అయిన ఆమె భర్త పని. పెళ్లైన కొత్తలో ఒకసారి బల్లమీది కత్తెర అందుకోబోతే, "దాని జోలికి పోకు. కుట్టు తప్పితే విప్పుకుంటాం, కత్తెర పడితే మళ్ళీ అతకదు" అన్నాడు. విసుక్కోలేదు, ముద్దుగానే అన్నాడు. పక్కనున్న అత్తగారు, "దానికంత ధైర్యం ఎక్కడేడ్చిందిరా! తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది" అని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అయ్యో, ఆ ఒక్క నవ్వు నవ్వకపోయినా బాగుండేది!

నిజానికి కొయ్యడం ఆమెకు రాని పనేం కాదు. పెళ్లికి ముందు కుట్టుపని నేర్పిన టీచరమ్మ, "అందరిలోకీ నీ చెయ్యే మంచిది" అని మెచ్చుకుని, ఆకుపచ్చ పట్టుగుడ్డ చేతిలో పెట్టి, "ఇది నీ కోసం నువ్వే కోసుకో" అంది. ఆమె తెచ్చి పెట్టె అడుగున దాచింది. పాడైపోతే? తర్వాత పక్కవీధిలో బట్టల కార్ఖానా పెట్టినావిడ ఇంటికొచ్చి మరీ, "కటింగ్ నువ్వు చూసుకోమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అని అడిగింది. "మా ఆయన్ని అడిగి చెప్తానండీ" అంది. అడగనేలేదు. ఆయన వద్దంటాడని కాదు, సరే వెళ్ళమంటే ఏం చెయ్యాలో అని భయం. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు కళ్ళు మసకలు. సూదిలో దారం కూతురే ఎక్కించి పెడుతుంది. ఆ కూతురికి ఉద్యోగం వచ్చింది.

"అమ్మా, మొదటిరోజుకి నీ ఆకుపచ్చ గుడ్డతో చొక్కా కుట్టిపెట్టవూ?" అంటూ పెట్టె తీసింది. మడత విప్పిందో లేదో, గుడ్డ ఆ మడత వెంబడే చిట్లిపోయింది. ఇంకో మడత విప్పితే అక్కడా అంతే.

"అదేంటమ్మా, దీన్నెవరూ ముట్టుకోనే లేదుగా!"

"ముట్టుకోకే పోయింది తల్లీ."

ఆయన తొంగిచూసి, "పోనీలే, గచ్చు తుడుచుకోడానికి పనికొస్తుంది. పిల్లకి ఆ కొత్త తెల్లగుడ్డ తీసిపెట్టు, సాయంత్రం కోస్తా" అన్నాడు.

ఆమె తెల్లగుడ్డ తీసి బల్లమీద పరిచింది. కూతుర్ని నిలబెట్టి టేపుతో కొలిచింది. అంకెలు కనపడక, "ఎంతే అది?" అని దాన్నే అడిగి, నీలం సుద్దముక్కతో గీతలు గీసింది. కత్తెర చేతిలోకి తీసుకుంది.

"ఏయ్, ఏంటది? పాడుచేస్తావే!"

"పాడైతే పాడవనివ్వండి. పాడవకుండా దాచిందేమైందో చూశారుగా."

సుద్దగీత ఆమె కంటికి సరిగ్గా ఆనడం లేదు. సగం దూరం వెళ్ళకముందే కత్తెర గీత తప్పి పక్కకి పోయింది. కూతురు చూసింది. ఆమె కూడా చూసింది. అయినా ఆపకుండా చివరిదాకా కోసింది.