కంచె మీది కుడికాలి చెప్పు

నేను ఒక చెప్పును. కుడికాలి చెప్పును. దారి పక్కన ఒంటి చెప్పు కనిపిస్తే మీరు ఒకసారి చూస్తారు, రెండోది ఏమైందో అనుకుంటారు, ముందుకు పోతారు. ఈ రోడ్డు మీద అందరూ అంతే చేశారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు కూడా ఆగకుండా ఉంటే బాగుండేది.

నన్ను జిల్లా ఆస్పత్రిలో చేశారు. లచ్చవ్వను కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశారు. ఆమెకు షుగరు. ఒక వేలు అప్పటికే తీసేశారు. ముల్లు దిగినా ఆ పాదానికి తెలియదు. ముల్లును ఆపే పని నాది.

"ఇవి లేకుండ వాకిట్లకు గూడ పోవద్దవ్వా" అని చెప్పి పంపారు. ఆమె పోలేదు. పట్టీ తెగితే ఎర్రదారంతో తనే కుట్టుకుంది. నేను రంగు వెలిసిపోయాను.

అదే తప్పయింది. ఆమె కొడుకు ఓదెలు ట్రాక్టరు కొన్నాడు. ఇంటికొచ్చిన బండికి దిష్టి తగలకుండా వెనక పాత చెప్పు కట్టడం మా వైపు ఆనవాయితీ. లచ్చవ్వ కునుకు తీస్తోంది. గడప దగ్గర నేను కనబడ్డాను. నేను తల్లి చెప్పునని ఓదెలుకు తెలుసు. సంతలో ఇంకో జత తేవచ్చనుకున్నాడు.

ట్రాలీ వెనక తాడుకు వేలాడుతూ బయలుదేరాను. రాజలింగు పత్తిచేను దగ్గర బండి గుంతలో పడి లేచింది. తాడు తెగింది.

మర్నాడు పొద్దున పట్నం నుంచి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. వ్యాయామానికి తొక్కేవాళ్లలో ఒకడు. దారిలో పగిలిన గుమ్మడికాయకు, నిమ్మకాయలకు ఫోటోలు తీసుకుంటూ వచ్చాడు. నాకూ తీశాడు. "ఎవరిదో పాపం, వెతుక్కుంటారు" అని, కంటికి కనబడేలా కంచె కర్రకు తగిలించి పోయాడు. మంచివాడే. ఇక్కడి సంగతి తెలియదు.

కంచెకు వేలాడే చెప్పును ఇక్కడ ఎవరూ పోయిన చెప్పు అనుకోరు. అది చేనుకు కట్టిన దిష్టి. ముట్టుకోరు. నన్ను భార్య కట్టిందని రాజలింగు అనుకున్నాడు. రాజలింగు కట్టాడని ఆమె అనుకుంది.

సాయంత్రం ఓదెలు చేను దగ్గరున్న రాజలింగు దగ్గరికి వచ్చాడు.

"బావా, మా అవ్వ చెప్పు గిక్కడేడనన్న వడ్డదా? గది లేకుంట ఆమె కాలు కింద వెట్టద్దట."

"రోడ్డు మీదేం లేదు. దిష్టికి అవ్వ చెప్పే దొరికిందార నీకు? నీదేమాయె?"

"నాది కొత్తది."

ఓదెలు తుప్పలన్నీ వెతికాడు. నా కింద నిలబడి బీడీ కాల్చాడు. తలెత్తి నన్ను చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

సంతలో అలాంటి జత దొరకలేదు. లచ్చవ్వ మామూలు చెప్పులతో తిరిగింది.

పత్తి తీసే రోజుల్లో ఓదెలు ఆమెను ఆస్పత్రి నుంచి ట్రాక్టరు మీద తెస్తున్నాడు. కుడికాలికి కట్టు. గాజుముక్క దిగింది. చీము పట్టేదాకా తెలియలేదు.

"ఆపుర" అంది లచ్చవ్వ. "గది నా చెప్పు."

"గది దిష్టి చెప్పవ్వా, ముట్టద్దు."

"నేనేసిన ఎర్రదారం నాకెరుక లేదార? తియ్యి."

తీసిచ్చాడు. ఆమె నన్ను కట్టు మీద పెట్టి చూసింది. పట్టలేదు. ఒళ్లో పెట్టుకుంది.

"నీ ట్రాక్టరుకు ఏం గాలె బిడ్డా. దిష్టి నా కాలుకు తాకింది."

ఓదెలు బండి కదిలించాడు.

ఇప్పుడు నేను గడప లోపల, ఎడమదాని పక్కన ఉన్నాను. కట్టు విప్పాక ఆ పాదం నా కొలతలో ఉంటుందో లేదో తెలియదు. వాకిట్లో ట్రాక్టరు ఆగి ఉంది. దాని వెనక ఓదెలు కొత్త చెప్పు వేలాడుతోంది.